పరామర్శను కాగితం మీద పెడితే

పాస్టరు ఒక రోగిని పరామర్శించి వచ్చాక, అక్కడ నడిచిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసిపెట్టడాన్ని వెర్బాటిం అంటారు. కాపరి సేవలో ఉన్నవారు తమ పనిని తామే పరిశీలించుకోవడానికి ఇంతకంటే నిజాయితీ గల సాధనం అరుదు. ప్రసంగాన్ని సంఘమంతా వింటుంది. మంచం పక్కన చెప్పిన మాటను రోగి తప్ప ఎవరూ వినరు. అది సాంత్వన ఇచ్చిందో లేదో తేల్చుకోవాలంటే కాగితం మీద పెట్టి చూడాల్సిందే.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు 1920లో తీవ్రమైన మానసిక అనారోగ్యంతో మసాచుసెట్స్‌లోని ఆసుపత్రిలో చేరారు. అక్కడ ఆరాధన జరపడానికి వచ్చే పాస్టర్లకు రోగుల కష్టం గురించి ఏమీ తెలియదని ఆయన మంచం మీద నుంచే గమనించారు. కోలుకుని 1924లో వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో చాప్లిన్ (ఆసుపత్రి పాస్టరు) అయ్యారు. 1925 వేసవిలో వేదాంత విద్యార్థులను అక్కడికి రప్పించి, వార్డుల్లో పనిచేయించి, చూసినదాన్ని చర్చింపజేశారు. మనిషి కూడా గ్రంథమేననీ, లేఖనాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలనీ ఆయన బోధన. క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అనే శిక్షణకు అదే నాంది. రోగులతో సంభాషణలను, ప్రార్థనలను రాసుకుని పరిశీలించే అలవాటును రసెల్ డిక్స్ అనే మరో చాప్లిన్ ముందుకు తీసుకెళ్లారు. డాక్టర్ రిచర్డ్ కాబట్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1936లో వచ్చింది.

వెర్బాటింలో మాటలతోపాటు మౌనం, కన్నీరు, చేతి కదలిక కూడా రాస్తారు. ఒక ఊహాచిత్రం చూడవచ్చు. రోగి: “రేపు పొద్దున్నే ఆపరేషనంట అయ్యగారూ. చిన్నదానికి ఇంకా నాలుగేళ్లే.” పాస్టరు: “దిగులు పడకండమ్మా, దేవుడు చూసుకుంటాడు. ప్రార్థన చేద్దామా?” రోగి తలమీద ముసుగు వేసుకుని, “చెయ్యండి” అంటుంది. వార్డులో ఇది చక్కటి పరామర్శే. కాగితం మీద మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. ఆమె బిడ్డ గురించి చెప్పింది, ఆయన ఆపరేషన్‌కు జవాబిచ్చారు. ముసుగుతో ఆమె మాట కూడా ఆగిపోయింది. “పాప ఎవరి దగ్గర ఉందమ్మా?” అని అడిగి ఉంటే, తర్వాతి ప్రార్థనలో ఆ పాప పేరు ఉండేది.

ఇలాంటి పేజీని నలుగురైదుగురు తోటివారు, ఒక అనుభవజ్ఞుడు కలిసి చదువుతారు. తప్పు పట్టడానికి కాదు; ఆ క్షణంలో పాస్టరు మనసులో ఏం జరిగిందో, ఆ జవాబు వెనుక దేవుని గురించిన ఏ నమ్మకం ఉందో అడగడానికి. పది పేజీలు పక్కపక్కన పెడితే ఒక వరస కనిపిస్తుంది. కన్నీరు కనబడగానే ప్రార్థనకు తొందరపడే అలవాటు అలాగే పట్టుబడుతుంది. దాన్ని గుర్తించి, పద్ధతి మార్చుకుని, ఫలితాన్ని మళ్లీ రాసి చూడటమే ఈ సేవలో పరిశోధన.

దీనికి హద్దులున్నాయి. జ్ఞాపకం పొరబడుతుంది. రోగి మనసులో ఏముందో పాస్టరు రాసింది ఊహే కావచ్చు. పేరు మార్చినంత మాత్రాన గోప్యత దక్కదు. పల్లె సంఘంలో జబ్బు పేరు చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. అందుకే ఊరు, వయసు, కుటుంబ వివరాలు కూడా మార్చాలి.

మన దగ్గరలో వెల్లూరు సి.ఎం.సి. చాప్లిన్సీ విభాగం ఈ క్లినికల్ పాస్టోరల్ శిక్షణ ఇస్తోంది. తెలుగు రోగులు ఎందరో వెళ్లే ఆసుపత్రి అది. వేదాంత విద్య చాలావరకు ఇంగ్లీషులో సాగినా, తెలుగు పరామర్శను తెలుగులోనే రాయాలి. “గుండె జారిపోయిందయ్యా” అని ఒకామె అన్న మాటను ఇంగ్లీషులో భయమని రాసేస్తే, ఆమె చెప్పినదాంట్లో సగం పోతుంది. ఆమె ఏమందో అదే రాసినప్పుడే, దాన్ని పాస్టరు విన్నారో లేదో తేలుతుంది.