రెండు ఫోటోలు, ఒక కార్డు

పాఠకుడి చేత మాట పలికించడం కూడా ఒక పనితనమే. కథ బాగా రాసేవాళ్లు, బొమ్మ బాగా వేసేవాళ్లు మనకు చాలామందే ఉన్నారు. చదివి ఊరుకునే మనిషి చేత కలం పట్టించి, తపాలా డబ్బా దాకా నడిపించగలిగినవాళ్లు తక్కువ. నేను చూసినంతలో ఆ పనిని అందరికంటే ఒడుపుగా చేసింది ‘చందమామ’. అదీ పేజీకి మించని జాగాలో, నాలుగైదు నిబంధనలతో. దాని పేరు ఫోటో వ్యాఖ్యల పోటీ.

1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి మద్రాసు నుంచి మొదలుపెట్టిన ఆ పత్రిక గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. బేతాళ కథలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్‌ల బొమ్మలు ఇప్పటికీ అందరి నోళ్లలో నానుతూనే ఉన్నాయి. పోటీ పేజీని మాత్రం తీరిగ్గా చూసినవాళ్లు కనిపించరు. అందులో రెండు ఫోటోలు ఉండేవి. వాటికి సంబంధం ఉన్నట్టూ ఉండేది, లేనట్టూ ఉండేది. ఒక్కోదానికి ఒక్క మాట రాయాల్సి ఉండేది, కాదంటే చిన్న వాక్యం. రెండు వ్యాఖ్యలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండాలి. వాటిని పోస్టుకార్డు మీద రాసి, చెప్పిన తేదీలోగా మద్రాసు-26కు చేరేలా పంపాల్సి ఉండేది. ఆలస్యంగా వచ్చినవాటిని చూసేవారు కాదు. అన్నిటిలోకీ మేలైన జంటకు బహుమతి.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక్కో నిబంధననూ విడదీసి చూస్తే, దాని వెనక పాఠకుణ్ణి బాగా ఎరిగిన మనసు కనిపిస్తుంది. ‘మీ అభిప్రాయం రాయండి’ అని అడిగితే మామూలు మనిషికి చెయ్యి ఆడదు. దేని మీద రాయాలి, ఎంత రాయాలి, తప్పు రాస్తే నవ్వుతారేమో! పదేళ్ల పిల్లవాడికైతే ఆ బెరుకు ఇంకా ఎక్కువ. ఈ పోటీ ఆ భయాలన్నిటినీ ముందే తీసేసింది. దేని మీద అంటే, ఇదిగో ఈ ఫోటోల మీద. ఎంత అంటే, రెండు మాటలు. కాగితం, కవరు వెతుక్కునే పని లేదు, ఒక కార్డు చాలు. ఎనభైల్లో కార్డు పదిహేను పైసలు. పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చుకోగల డబ్బులే. వ్యాకరణం, దస్తూరి, చదువు ఏవీ అడ్డం రావు. ఏడో తరగతి పిల్లకూ తెలుగు పంతులుకూ కార్డు మీద సమానమైన చోటే.

అన్నిటికంటే తెలివైనది రెండు వ్యాఖ్యలకూ పొత్తు కుదరాలన్న షరతు. ఒక్క ఫోటోకే వ్యాఖ్య అడిగి ఉంటే ఎవరైనా చూసింది చూసినట్టు రాసి పంపేవారు. రెండిటినీ కలపమనేసరికి బుర్ర కదలక తప్పదు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది నా ఊహే, పత్రికలో వచ్చింది కాదు. మొదటి ఫోటోలో ఒక అవ్వ కళ్లు చికిలించి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. రెండో దాంట్లో ఒక కుర్రాడు మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నాడు. ముందు అందరికీ తట్టేది ‘సూదీ దారం – గాలిపటం’. అది వ్యాఖ్య కాదు, జాబితా. ఇంకాస్త ఆలోచిస్తే ‘అవ్వ పని – మనవడి ఆట’ అని వస్తుంది. ఇప్పుడు సంబంధం కుదిరింది, అయినా ఫోటోలోంచి మనం కొత్తగా చూసిందేమీ లేదు. కార్డు పక్కన పెట్టి, అన్నం తింటూ, బడికి నడుస్తూ ఆలోచిస్తే, రెండు ఫోటోల్లోనూ ఉన్నది దారమే కదా అని తడుతుంది. అప్పుడు ‘దూరితే చాలు! – తెగకుంటే చాలు!’ దారం పేరు ఎత్తనే లేదు. అవ్వ ఆరాటం, కుర్రాడి గుబులు రెండూ వచ్చేశాయి. చివర ‘చాలు’ రెండు చోట్లా మోగుతోంది. మూడు నాలుగు మాటల్లో ఇంత పని జరిగింది.

సమస్య ఇచ్చి పూరించమనడం, పదాలు ఇచ్చి పద్యంలో పొదగమనడం మనకు కొత్త కాదు. అవధాన సభల్లో పండితులు ఛందస్సుతో చేసే విన్యాసాన్ని ఈ పోటీ ఛందస్సు తెలియని పిల్లల చేతికి ఇచ్చింది. ప్రాస, విరుపు, సామెతను సగం విరిచి అటొకటి ఇటొకటి పెట్టే చమత్కారం ఎవరూ నేర్పకుండానే కార్డుల మీదికి వచ్చేవి. పిల్లలకు భాష మీద మమకారం పుట్టించడానికి ఇంతకంటే మంచి కసరత్తు నాకు కనబడదు.

గడువు విషయంలో పత్రిక చూపిన ఖండితత్వం కూడా నాకు ఇష్టమే. తేదీ దాటితే చూడం అన్నారంటే, దాటనివాటిని నిజంగా చూస్తాం అన్నట్టే. రాసిన కార్డు ఎవరో చదువుతారన్న నమ్మకం లేకపోతే రెండోసారి ఎవరూ రాయరు. బహుమతి డబ్బుల కోసమే రాశారనుకోవడానికీ వీల్లేదు. ఏళ్లతరబడి అది పదుల రూపాయల్లోనే ఉండేది. అసలు బహుమతి వేరే. గెలిచిన వ్యాఖ్యలను ఆ ఫోటోలతో పాటు మళ్లీ అచ్చు వేసి, పంపినవారి పేరూ ఊరూ కింద వేసేవారు.

ఈ మాట బరువు తెలియాలంటే అదే పత్రికలో మిగతా పేజీలు తిప్పాలి. చందమామ పేర్ల విషయంలో మహా పొదుపరి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా పత్రిక భాషనూ కథల తీరునూ తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. సంపాదకుడిగా ఆయన పేరు పత్రికలో పడలేదు. ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి సీరియల్స్‌తో తెలుగు పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరూ ఆ సీరియల్స్ మీద కనిపించలేదు. ఆ కథలు ఎవరివో చాలామందికి ఎన్నో ఏళ్ల తరవాతగానీ తెలియలేదు. అలాంటి చోట రెండు మాటలు రాసి పంపిన పాఠకుడి పేరు, అతని ఊరి పేరుతో సహా అచ్చులో వెలిగింది. వెనక నిలబడ్డ పెద్దలు ఎదుటివాడికి ఇచ్చిన ఆ గౌరవాన్ని తలుచుకుంటే నాకు చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

బేతాళ కథల్లోనూ ఇదే పనితనం కొంచెం వేరే రూపంలో ఉంది. కథ ముగియబోతూ ఉండగా బేతాళుడు విక్రమార్కుణ్ణి ప్రశ్న అడుగుతాడు. రాజు జవాబు చెప్పేలోపు చదువరి తన జవాబు తాను వెతుక్కుంటాడు. రాజు చెప్పింది తనదానితో కలవకపోతే కథ మొదటికి వెళ్లి మళ్లీ చదువుతాడు. ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఆ తీర్పు మీద వాదులాడుకుంటారు. అయితే ఆ జవాబులు మద్రాసు దాకా వెళ్లేవి కావు. వాటికి దారి చూపించింది ఫోటోల పేజీయే.

చందమామ తెలుగులోనే కాదు, తమిళం, కన్నడం, హిందీ, ఇంకా చాలా భాషల్లో వచ్చింది. పోటీ కూడా ఆ భాషలతో పాటే నడిచింది. ఒకే జత ఫోటోలు చూసి తమిళ పిల్లవాడు రాసిన జంట వేరు, తెలుగు పిల్లవాడు రాసిన జంట వేరు. ఎవరి సామెతలు వారివి, ఎవరి ప్రాసలు వారివి. అలాంటి ఫోటోలు కొన్ని ఎంచుకుని, అన్ని భాషల్లోనూ గెలిచిన వ్యాఖ్యలను పక్కపక్కన పేర్చి, పంపినవారి పేర్లతో ఊళ్లతో సహా ఎవరైనా ఒక పుస్తకంగా వేస్తే కొనడానికి నేను ముందు వరసలో ఉంటాను.