పేజ్ నడక, బ్లాంటన్ పలుకు

జాజ్‌లో డబుల్ బాస్ ప్రస్తావన రాగానే అందరూ ముందు జిమ్మీ బ్లాంటన్ పేరే ఎత్తుతారు. అది న్యాయమే. ఆ వెలుగులో వాల్టర్ పేజ్ మరుగున పడిపోవడం మాత్రం న్యాయం కాదు.

పేజ్ 1900లో మిస్సోరీ రాష్ట్రంలోని గాలటిన్‌లో పుట్టాడు. ఓక్లహోమా సిటీలో ‘బ్లూ డెవిల్స్’ బృందాన్ని నడిపాడు. 1928లో ఆ బృందంలో చేరి పియానో వాయించిన కుర్రాడే కౌంట్ బేసీ. కొన్నేళ్లకు కాన్సాస్ సిటీలో అదే బేసీ నాయకుడయ్యాడు, పేజ్ అతని వెనక బాస్ పట్టుకుని నిలబడ్డాడు. నాయకత్వం చేతులు మారినా లయ మాత్రం పేజ్ చేతిలోనే ఉండిపోయింది. అంతకుముందు బాస్ వాయించేవాళ్లు ఎక్కువగా నాలుగు దెబ్బల్లో ఒకటీ, మూడూ పట్టుకునేవారు. పేజ్ నాలుగింటికీ నాలుగు స్వరాలు సమంగా మీటుతూ పోయాడు. దాంతో బేసీ బ్యాండు డ్రమ్మర్ జో జోన్స్‌కు పెద్ద డ్రమ్ము బాదుతూ తాళం మోసే భారం తప్పింది. అతని తాళం హై-హ్యాట్ అనే జంట సింబల్స్ మీదికి తేలికగా జారింది. బేసీ కూడా ఎడమచేతి బరువు తగ్గించి, నాలుగు స్వరాలు చల్లి ఊరుకోగలిగాడు. 1937 నాటి ‘వన్ ఓక్లాక్ జంప్’లో సోలోలు దాటాక పియానో పొదుపుగా పలికే చోట చెవి పెట్టండి. బేసీ వదిలేసిన ఖాళీ ఎక్కడా ఖాళీగా వినిపించదు, దాన్నంతా పేజ్ తంతి నింపేస్తుంది.

బ్లాంటన్ దారి వేరు. 1918లో టెన్నెసీలోని చటనూగాలో పుట్టి, ముందు వయొలిన్ నేర్చాడు. ఆ వేళ్ల చురుకు బాస్ మీదికీ వచ్చింది. 1939 చివర్లో సెయింట్ లూయిస్‌లో అతన్ని విన్న బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్, తన బ్యాండులో బాస్‌కు బిల్లీ టేలర్ ఉండగానే ఇతన్నీ చేర్చుకున్నాడు. 1940 మార్చిలో రికార్డు చేసిన ‘జాక్ ద బేర్’లో బ్యాండు ఒక మాట అంటే బాస్ బదులు చెబుతుంది. చివరికి వచ్చేసరికి పాటను ముగింపు దాకా నడిపించేదీ బాసే. అప్పటిదాకా అడుగున ఉన్న వాద్యం ముందుకొచ్చి రాగం పలికింది. అదే ఏడాది ఎల్లింగ్టన్‌తో కలిసి చేసిన జంట వాయింపుల్లో ‘పిట్టర్ పాంథర్ పాటర్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. ‘సోఫిస్టికేటెడ్ లేడీ’లో కమాను పట్టినప్పుడు మాత్రం, వేళ్లతో మీటినప్పటి ధీమా అంతగా కనిపించదు.

సోలో విషయంలో పోటీయే లేదు. 1938లో కాన్సాస్ సిటీ సిక్స్ బృందంతో చేసిన ‘పేజిన్ ద డెవిల్’లో పేజ్ సోలో నిండుగా ఉంటుంది గానీ, బ్లాంటన్ స్వరకల్పన ముందు నిలవదు. అయితే బ్లాంటన్‌ను సోలోలతోనే కొలిచేవాళ్లు అతనికీ అన్యాయం చేస్తున్నారు. ఎల్లింగ్టన్ ‘కో-కో’లో బాకాల హోరు కింద అతను బ్యాండును ఎంత బలంగా ముందుకు తోస్తున్నాడో వినాలి.

క్షయ బ్లాంటన్‌ను 1942 జూలైలో, 23 ఏళ్లకే, పొట్టన పెట్టుకుంది. ఎల్లింగ్టన్ దగ్గర గడిపింది రెండేళ్లే. పేజ్ 1957 దాకా బతికాడు.

బాస్ వాద్యకారుడిగా బ్లాంటనే గొప్ప. బిగ్ బ్యాండుకు అవసరమైన మనిషి ఎవరంటే మాత్రం నేను పేజ్ పేరే చెబుతాను. బ్లాంటన్ లేకున్నా ఎల్లింగ్టన్ సంగీతం ఎల్లింగ్టన్‌దిగానే ఉండేది. పేజ్ లేకుండా బేసీ బ్యాండు ఆ నడక నేర్చేది కాదు.