అతుకును దాచే విద్య

పడకగదిలో మంచం తలవైపు గోడకు మాత్రం పూల కాగితం అతికించి, మిగతా మూడింటినీ మామూలు రంగుతో వదిలేసే అలవాటు లండన్ ఇళ్లలోనే కాదు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ బాగానే కనిపిస్తోంది. ఫీచర్ వాల్ అంటున్నారు. పనివాళ్లను పిలవకుండా ఇంట్లోవాళ్లు మొదటిసారి చేయిపెట్టేది కూడా తరచుగా ఈ గోడ మీదే. ఒక్క గోడే కదా అనిపిస్తుంది. కానీ మూలలు తిరగడం ఒక్కటి తప్పితే, ఈ విద్యలోని కిటుకులన్నీ ఆ ఒక్క గోడ దగ్గరే ఎదురవుతాయి.

ఇంగ్లండ్‌లో గోడ కాగితం వయసు ఐదు వందల ఏళ్ల పైమాటే. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో 1911లో పైకప్పు దూలాలకు అంటుకుని బయటపడ్డ కాగితం 1509 నాటిది. ఆ ఏడాదే సింహాసనమెక్కిన ఎనిమిదో హెన్రీ పేర వెలువడ్డ ప్రకటన కాగితాలను పారేయకుండా, వాటి వెనకవైపు దానిమ్మ డిజైన్ అచ్చు గుద్దారు. బట్ట కొనే స్తోమత లేని గోడలకు కాగితం అన్నమాట. ఉన్నవాళ్ల గోడలకు బట్టలే వేలాడేవి. వాటిలో మన దేశపు అద్దకాలూ ఉన్నాయి. ఇంగ్లిషు డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ 1663లో తన భార్య చదువుగది గోడలకని రంగుల భారతీయ నూలుబట్ట కొన్న సంగతి డైరీలో రాసుకున్నాడు. అప్పటికి అర్ధశతాబ్దం ముందే, 1611లో, ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ తెరిచి మన తీరపు బట్టల వ్యాపారంలోకి దిగింది. చింట్జ్ అని పిలిచే ఆ అద్దకపు బట్టల మీది తీగలూ పూలూ క్రమంగా కాగితం మీదికీ పాకాయి. ఫ్రాన్స్‌లో రిక్స్‌హైమ్ ఊరి జుబేర్ సంస్థయితే 1807లో ‘హిందుస్తాన్’ పేరుతో గోపురాలు, ఏనుగులు, చెట్లతో గది చుట్టూ తిరిగే దృశ్యాన్నే అచ్చు వేసింది.

బ్రిటన్ ప్రభుత్వం 1712లో అచ్చువేసిన గోడ కాగితం మీద చదరపు గజానికి ఒక పెన్నీ పన్ను వేసింది. సాదా కాగితానికి ఆ పన్ను లేదు. దాంతో కొందరు సాదాది కొని గోడకు అంటించాక, దాని మీద రంగు అద్దుకునేవారు. 1836లో పన్ను ఎత్తేశారు. మూడేళ్లకు లాంకషైర్‌లోని డార్వెన్‌లో, నూలుబట్టలు అచ్చువేసే యంత్రం పద్ధతిలోనే కాగితం అచ్చువేసే యంత్రానికి పేటెంటు వచ్చింది. గోడ కాగితం మామూలు ఇళ్లకు చేరింది అప్పుడే.

చవకైన ఆ యంత్రపు సరుకు నచ్చకే ఇంగ్లిషు డిజైనర్ విలియం మోరిస్ మళ్లీ చెక్క అచ్చుల దగ్గరికి వెళ్లాడు. తన ఇంటి తోటలో గులాబీలు పాకిన పందిరిని చూసి 1862లో ‘ట్రెల్లిస్’ గీశాడు; అందులోని పిట్టలు మాత్రం మిత్రుడు ఫిలిప్ వెబ్ చేతివి. 1875 నాటి ‘అకాంథస్’కు పదిహేను రంగులు, ముప్పై అచ్చులు పట్టాయి. ఒక్కో రంగు అద్దాక కాగితాన్ని ఆరబెట్టాలి, ఆరాక తర్వాతి అచ్చును అదే చోట తు.చ. తప్పకుండా దించాలి. మచిలీపట్నం దగ్గరి పెడన అద్దకం షెడ్డులో నిలబడి చూసినవాళ్లకు ఆ ఓపిక కొత్తగా అనిపించదు.

మోరిస్ గొప్పతనం పూలు గీయడంలో కంటే మరోచోట ఉంది. అచ్చు అంటేనే ఒకే బొమ్మ పదేపదే పడటం. ఆ పునరావృత్తి కంటికి తగిలితే పడుకున్న మనిషికి గోడ విసుగు పుట్టిస్తుంది. అందుకే ఆయన ఒక తీగను మరో తీగ మీదుగా నడిపి, ఖాళీలను ఆకులతో నింపి, బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా చేశాడు. 1887 నాటి ‘విల్లో బో’లో ఆకులు గోడంతా కొనసాగుతూ పోతున్నట్టే ఉంటాయి. డిజైన్ గీసేవాడు పునరావృత్తిని దాచాడు. ఇక అతుకును దాచాల్సింది అంటించేవాడు. రెండోది జరగకపోతే మొదటివాడి శ్రమ వృథా. గోడ కాగితాన్ని అంటించడం కూడా డిజైన్‌తో సమానమైన విద్యేనని గట్టిగా చెప్పాల్సింది ఇందుకే.

ఈ విద్యకు మొదటి మెట్టు లెక్క. బ్రిటన్‌లో రోలు సాధారణంగా 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు ఉంటుంది. 3.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తున్న గోడకు ఏడు పట్టీలు కావాలి. పైనా కిందా కత్తిరించడానికి కలిపి 10 సెంటీమీటర్లు వదిలితే ఒక్కో పట్టీ 2.5 మీటర్లు; రోలుకు నాలుగు వస్తాయి, రెండు రోళ్లు చాలు. అదే బొమ్మ ప్రతి 53 సెంటీమీటర్లకోసారి తిరిగి వచ్చే కాగితమైతే, పక్కపక్క పట్టీల్లో పువ్వుకు పువ్వు కలవాలి కాబట్టి ఒక్కోటి 2.65 మీటర్లు కోయాలి. రోలుకు మూడే వస్తాయి. మూడు రోళ్లు కొనాల్సిందే, అదీ ఒకే బ్యాచ్ నంబరువి. బ్యాచ్ మారితే రంగు ఒక ఛాయ తేడా వస్తుంది, ఆ తేడా సరిగ్గా అతుకు దగ్గరే బయటపడుతుంది.

గోడ సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. చేత్తో రాస్తే సున్నం అంటుకునే గోడకు కాగితం అంటదు. అంటినట్టే ఉండి, సున్నపు పొరతో సహా ఊడి వస్తుంది. గోకాలి, పగుళ్లు నింపాలి, గరుకు కాగితంతో నునుపు చేయాలి, పల్చటి జిగురు పూసి ఆరనివ్వాలి. చెమ్మ ఉంటే ముందు దాని కారణం వెతకాలి. వానాకాలంలో చెమ్మ పీల్చే మన ఊళ్ల గోడలకు ఇది మరీ ముఖ్యం. మేలైన పనివాళ్లు ముందుగా సాదా కాగితాన్ని అడ్డంగా అంటిస్తారు. పైన పూల కాగితం నిలువుగా వస్తుంది గనుక రెండు పొరల అతుకులూ ఒకదాని మీద ఒకటి పడవు.

ఇక అసలు ఘట్టం, మొదటి గీత.

ఏ ఇంటి మూలా, ఏ తలుపు చట్రమూ నిక్కచ్చిగా నిలువుగా ఉండవు. మూలను నమ్మి మొదటి పట్టీ అంటిస్తే ఏడో పట్టీ దగ్గరికి వచ్చేసరికి పూలు పక్కకు ఒరుగుతాయి. తాపీమేస్త్రీ గోడ లేపేటప్పుడు వేలాడదీసే తూకం గుండే ఇక్కడా ఆధారం. పైనుంచి దారం వదిలి, గుండు ఊగడం ఆగాక పెన్సిలుతో సన్నగా గీయాలి. మంచం వెనక గోడైతే ఆ గీత మధ్యనుంచి లెక్కించి వేయాలి: మొదటి పట్టీ నడిమికి రావాలా, రెండు పట్టీల అతుకు నడిమికి రావాలా? పై లెక్కలో అతుకు నడిమికి వస్తే అంచుల్లో 21 సెంటీమీటర్ల ముక్కలే మిగులుతాయి, పట్టీలు ఎనిమిదవుతాయి. పట్టీ నడిమికి వస్తే ఏడే చాలు, అంచుల్లోనూ దాదాపు నిండు పట్టీలే కూర్చుంటాయి. ఈ నిర్ణయానికి పట్టే సమయాన్ని చూసి విసుక్కోకూడదు.

పాతరకం కాగితానికి వెనకవైపు జిగురు పూయాలి. ఒకప్పుడు ఉడికించిన గోధుమపిండి జిగురు, ఇప్పుడు ఎక్కువగా నీళ్లలో కలిపే సెల్యులోజ్ పొడి. మధ్యనుంచి అంచులకు బ్రష్షు లాగి, పూసిన ముఖాలు రెండూ కలిసేలా మడిచి నాననివ్వాలి. నానిన కాగితం వెడల్పులో కొద్ది మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ప్రతి పట్టీనీ ప్యాకెట్ మీద చెప్పినంతసేపే, అన్నిటినీ ఒకే సమయం నాననివ్వాలి. ఒకటి ఐదు నిమిషాలు, మరొకటి పదిహేను నిమిషాలు నానితే రెండింటి వెడల్పూ కలవదు. సరిపడా నాననిది గోడ మీదే సాగి బుడగలు కడుతుంది. ఈ తిప్పలు లేని నాన్‌వోవెన్ కాగితాలు ఇప్పుడు దొరుకుతున్నాయి: జిగురు గోడకే పూసి, పొడిపట్టీని నేరుగా నిలపవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు వాటిని ఎంచుకోవడమే తెలివి.

పట్టీని పైన ఐదు సెంటీమీటర్లు మిగిల్చి, పక్క అంచును గీతకు ఆనించి, అరచేతులతో జరుపుతూ సరిచేయాలి. లాగకూడదు. లాగితే సాగుతుంది, ఆరాక కుదించుకుని అతుకు నోరు తెరుస్తుంది. మెత్తని బ్రష్షుతో మధ్యనుంచి బయటికి గాలి తోసేయాలి. రెండో పట్టీ మొదటిదాని మీదికి ఎక్కకుండా, దానికి ఆని నిలవాలి. పూర్వం అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించే రోజుల్లో కిటికీ పక్కనుంచి మొదలుపెట్టి లోపలికి పోయేవారు. వెలుతురు అటునుంచి పడితే ఎక్కిన అంచుకు నీడ రాదు. స్విచ్చి బోర్డు వస్తే మెయిన్ ఆపి, ప్లేటు వదులు చేసి, కాగితాన్ని మూలలకు కోసి అంచును ప్లేటు కిందికి దోపాలి.

చేతి అచ్చు కాగితాల మీద రంగు నీటికి కదులుతుంది, కాబట్టి తడిగుడ్డతో తుడిచి సర్దుకోవచ్చన్న ధీమా అక్కడ పనికిరాదు. జిగురు ముందువైపు పడకుండానే పని సాగాలి. రిక్స్‌హైమ్‌లో జుబేర్ ఇప్పటికీ పాత చెక్క అచ్చులతో చేత్తోనే వేస్తోంది. అలాంటి ఖరీదైన కాగితం మీద చేయి అలవాటు చేసుకోవాలనుకోవడం మాత్రం అన్యాయం.

పని అయ్యాక మిగిలిన ముక్కను బ్యాచ్ నంబరుతో సహా దాచుకోవాలి. ఎప్పుడో మంచం తగిలి చిరుగు పడితే అతుకు వేయడానికి కత్తెర వాడరు. దాచిన ముక్కను వెనకవైపుకు లాగుతూ చేత్తో చింపుతారు, అంచు పల్చబడేలా. బొమ్మకు బొమ్మ కలిపి అంటిస్తే, కత్తిరించిన అంచులా చారగా కనిపించకుండా అది ఆకుల్లో కలిసిపోతుంది.