పేరు ఎక్కని పియానో

రాక్ సంగీతం గురించి రాసేవాళ్ళు గిటారు పట్టుకుని ముందుకొచ్చిన మగవాళ్ళ గురించే ఎక్కువగా రాశారు. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందంలో కీబోర్డు వాయించి, పాటలు కట్టి, పాడిన క్రిస్టీన్ మెక్‌వీ (1943-2022) దగ్గరకొచ్చేసరికి "ప్రశాంతమైన మనిషి", "బృందానికి అమ్మలాంటిది" అని సరిపెట్టారు. ఈ మెచ్చుకోలు మీదే నా పేచీ. ఇళ్ళల్లో మన చాకిరీని కనపడకుండా చేసేది కూడా ఇలాంటి మాటలే కదా!

ఆమె పుట్టింటి పేరు క్రిస్టీన్ పర్‌ఫెక్ట్. శిల్పకళ చదువుకుంది. చికెన్ షాక్ అనే బ్లూస్ బృందంలో పియానో వాయిస్తూ, పాడుతూ పేరు తెచ్చుకుంది. 1968లో ఫ్లీట్‌వుడ్ మాక్ బాస్ గిటారిస్టు జాన్ మెక్‌వీని పెళ్ళాడింది. కాపురం కోసం 1969లో తన బృందాన్ని వదులుకుంది. ఆ ఏడాదే 'మెలోడీ మేకర్' పత్రిక పాఠకులు ఆమెను ఉత్తమ గాయనిగా ఎన్నుకున్నారు! 1970లో భర్త బృందం 'కిల్న్ హౌస్' ఆల్బమ్ చేసింది. అట్టమీది బొమ్మ ఆమె గీసిందే. లోపల పియానో కూడా ఆమె వాయించిందే. వాద్యకారుల జాబితాలో మాత్రం ఆమె పేరు లేదు. బృందంలో సభ్యురాలయింది ఆ తర్వాతే.

మా కళ్యాణదుర్గం వైపు ఆడవాళ్ళకు ఇదేం వింతగా తోచదు. విత్తనానికి శెనక్కాయలు వలుస్తూ పదం ఎత్తుకునేది వాళ్ళే. రాత్రి నాటకంలో హార్మోనియం ముందు కూర్చునేది మగాయన. 1954లో 'చక్రపాణి' సినిమాకు సంగీతం కట్టిన భానుమతిని కూడా మనం నటిగా, గాయనిగానే తలుచుకుంటాం.

1975లో స్టీవీ నిక్స్ చేరేముందు, ఇంకో ఆడమనిషి వస్తే ఫరవాలేదా అని బృందం క్రిస్టీన్‌ని అడిగింది. మగవాళ్ళ విషయంలో ఈ ప్రశ్న ఎవరికైనా తడుతుందా? ఆమె రమ్మంది. ఆ ఇద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది.

'రూమర్స్' (1977) నాటికి భార్యాభర్తలు విడిపోయారు. 'డోన్ట్ స్టాప్' విడిపోయిన భర్తకు చెప్పిన ధైర్యం. 'యూ మేక్ లవింగ్ ఫన్' కొత్త ప్రియుడి గురించి. రెండింటికీ బాస్ వాయించింది జానే. లోకం దీన్ని కబుర్లుగా చెప్పుకుంది. నాకు కనిపించేది వేరు: 1969లోలాగా ఈసారి ఆమె పనిని వదులుకోలేదు. ఆ రెండో పాటలో గొంతు హాయిగా తేలుతుంటే, కింద ఆమె వాయించే క్లావినెట్ గరుకుగా, తెగువగా నడుస్తుంది. వాళ్ళు ప్రశాంతత అన్నది, నా చెవికి, కష్టపడి సాధించిన అదుపు.

ఆమె పాటలు ప్రేమను దాటి పెద్దగా బయటికి రావు. స్త్రీవాద నినాదం వెతికితే దొరకదు. ఆ అసంతృప్తి నాకూ ఉంది. అయినా 'కిల్న్ హౌస్', 'రూమర్స్' పక్కపక్కన పెట్టి వినండి. మొదటిదానిలో పేరు లేని మనిషే, ఏడేళ్ళకు రెండోదాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకతె.