మళ్లీ వెలిగించిన దీపం

'కార్తీక దీపం' రెండోది చూడొచ్చా అని అడిగితే, సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానిగా "వద్దు" అనడం నాకు సులువు. 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసిన మొదటి సీరియల్ నిండా భార్య శీలం మీద అనుమానమే. భర్తేమో డాక్టరు! డీఎన్ఏ పరీక్షతో తేలే సంగతి ఏళ్ల తరబడి నడిచింది. పైగా నల్లపిల్ల బాధ చెప్పడానికి ప్రేమి విశ్వనాథ్ ముఖానికి రంగు పూశారు. మలయాళ మాతృక 'కరుత్తముత్తు'లోనూ ఆమే. నల్లటి నటి ఎక్కడా దొరకలేదు కాబోలు.

కందిలో మా పక్కింటామె నా తీర్పు వినలేదు. ఆమెది పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. నైట్ షిఫ్ట్ బస్సు దిగి ఇంటికొస్తే "ఎవరితోని వచ్చినవ్?" అంటాడు భర్త. "అక్కా, గా డాక్టరు మా ఇంట్లనే ఉన్నడు" అంది నవ్వుతూ. అప్పట్నుంచి నా "వద్దు" నాకే కాస్త అనుమానంగా ఉంది.

2024 మార్చిలో అదే జంటతో, అవే పేర్లతో, వేరే కథగా రెండోది మొదలైంది. ఇద్దరం కలిసి చూశాం. వంట చేసి బతికే దీప ఎవరికీ తలవంచని చోట్ల పక్కింటామె కళ్లార్పదు. ఏడుపులొస్తే గిన్నెలు తోముకోడానికి లేస్తుంది. ఇంతకన్నా మంచి విమర్శ పద్ధతి నా దగ్గర లేదు. తీరా పుట్టినప్పుడే బిడ్డల్ని మార్చారనీ, దీపే ఆ గొప్పింటి అసలు వారసురాలనీ బయటపెట్టారు. అప్పుడు బిడ్డ రక్తం, ఇప్పుడు తల్లి రక్తం. ఆమె గరిటె సంపాదించిన గౌరవం ఏమైనట్టు?

"ఈమె గూడ గొప్పోళ్ల బిడ్డేనా?" అని రిమోట్ నా చేతిలో పెట్టి, షిఫ్ట్ బస్సుకి టైమైందని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ఎపిసోడ్ చివరిదాకా చూశాను.