కణుపు చూసి కత్తి పెట్టాలి

పేరుపాలెం దగ్గర సరుగుడు తోటలు దాటి సముద్రం వైపు నడిస్తే, ఇసుక దిబ్బల మీద మేక గిట్టలాంటి ఆకులతో ఓ తీగ పాకి ఉంటుంది. చెవులపిల్లి తీగ అంటారు, బాలబంద అన్నా అదే. ఊదారంగు గరాటు పువ్వు పొద్దున్నే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది.

ఈ తీగను ముక్కలు కోసి పెంచడం తేలికే అంటారు. తేలికే, కణుపు సంగతి తెలిసినవాళ్లకి! చిగురు కొస పనికిరాదు, కుళ్లుతుంది. మరీ ముదిరిన మొదలు బద్ధకిస్తుంది. ఆ రెంటికీ మధ్య మూరెడు ముక్క, మూడు నాలుగు కణుపులుండేలా తీసుకోవాలి. కోత కణుపుకి కాస్త కింద పడాలి. కోసిన చోట కారే పాలు ఆరాక, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు తడి ఇసుకలో మునిగేలా ఏటవాలుగా పాతితే చాలు. దిబ్బ మీద గాలి ఇసుక కప్పేసినా ఈ తీగ బతికేది కణుపు కణుపుకీ వేళ్లు దించే గుణంతోనే. పెంచేవాడు చేసేదల్లా ఆ గుణానికి చోటివ్వడం.

విత్తనానిది వేరే లెక్క. కాయలో సాధారణంగా నాలుగు గింజలు, గోధుమరంగు నూగుతో. పెంకు ఎంత గట్టిదంటే, గింజ నెలల తరబడి ఉప్పునీళ్లలో తేలి కూడా చావదు. ఉష్ణమండల తీరాలన్నిటా ఈ తీగ కనిపించడానికి కారణం ఆ పెంకే. మొలకకు అడ్డమూ అదే. ఆకురాయితో ఓ పక్కన, బొడ్డుకు దూరంగా, లోపలి తెలుపు కనబడీ కనబడనంతగా గీకాలి. చెయ్యి ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే లోపలి మొలకకే దెబ్బ. రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవాటిని విత్తాలి. ఉబ్బనివాటిని మళ్లీ గీకాలి. నాకు ముచ్చటేసే పనితనం ఇదీ, గోరంత చోట.

మరి పెదపాడు లాంటి ఊళ్లో పెంచాలంటే? కొల్లేటి అంచున నల్లమట్టి, నీళ్లు నిలుస్తాయి. నేల మీద నాటితే వేరు కుళ్లడం ఖాయం. వెడల్పాటి తొట్టిలో గోదావరి ఇసుక పోసి, అడుగున నీళ్లు పోయే దారి ఉంచి, రోజంతా ఎండ తగిలే చోట పెట్టాలి. ఎరువు గుప్పిస్తే ఆకే, పువ్వుండదు. పక్క తొట్టెల మీదికి పాకితే మొహమాటపడకుండా కోసేయండి.

తీరం నుంచి ముక్కలు తెచ్చుకునేవాళ్లు అలల వైపు తీగ జోలికి పోవద్దు. ఇసుకను పట్టి ఉంచేది అదే. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా అక్కడే. దిబ్బ వెనక వైపు, తొలకరి పడ్డాక తీసుకుంటే ముక్కా బతుకుతుంది, దిబ్బా నిలుస్తుంది.