క్యారేజీకి రెండు పక్కలా

సైకిలు మీద ఉద్యోగానికి పోదామనుకునేవాళ్లు ముందుగా సంచి గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని లీటర్లది కావాలి, వానకు తడుస్తుందా అని. నేను వాళ్ల సైకిలు క్యారేజీ చూస్తాను. దాని కాళ్లు ఇరుసు దగ్గర గట్టిగా బిగించి ఉన్నాయా? చేత్తో పట్టి ఊపితే కదులుతోందా? సంచి ఆనుకోవడానికి పక్కన కమ్మీ ఉందా? క్యారేజీ వదులుగా ఉంటే ఎంత ఖరీదైన సంచి అయినా ఏదో ఒక గుంత దగ్గర చక్రం పుల్లల్లో పడుతుంది.

నేను భద్రాచలం నుంచి చర్ల రోడ్డు మీద బడికి సైకిలు తొక్కే మాస్టారిని. 2014లో ఇక్కడి కొన్ని మండలాలు పక్క రాష్ట్రానికి మారాక ఈ దారి ఊరు దాటగానే ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లి, మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. నాతో పాటు దిద్దాల్సిన నోటు పుస్తకాలు, టిఫిన్ బాక్సు, నీళ్లు, వానకోటు, గాలిపంపు వస్తాయి. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి విడిచాక, నడినెత్తిన ఎండలో వీపుకు బ్యాగు తగిలించుకుని తొక్కిన వాళ్లకు తెలుస్తుంది, బరువుకంటే వీపుకు గాలి తగలకపోవడమే ఎక్కువ బాధని. అందుకే పానియర్లనే పక్క సంచుల సంగతి ఇంత పట్టుదలగా రాస్తున్నాను. మోయాల్సింది సైకిలు, మనిషి వీపు కాదు.

ఇది మన దగ్గర కొత్త విద్యేం కాదు. పాలు పోసేవాళ్లు క్యారేజీకి ఇనప కొక్కేలు వేసి రెండు వైపులా క్యాన్లు వేలాడదీస్తారు. ఒక క్యాను కాస్త తగ్గగానే రెండో దాంట్లోంచి కొలవడం మొదలుపెడతారు, సైకిలు ఒక పక్కకు లాగకుండా. బోరింగు దూరమైన గూడేల్లో ప్లాస్టిక్ బిందెలను మెడలకు తాడు కట్టి ఇలాగే రెండు పక్కలా వేస్తారు. కావడి భుజం మీంచి దిగి క్యారేజీ ఎక్కింది. బరువును రెండుగా పంచి కిందికి దించితే సైకిలు మాట వింటుంది. అదే బరువును క్యారేజీ నెత్తిన పెట్టి ట్యూబు తాడుతో బిగిస్తే, ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కగానే వెనక చక్రం తోక ఆడిస్తుంది. బియ్యం బస్తాలు అలాగే తెస్తున్నారు కదా అంటారు. తెస్తున్నారు, కానీ చాలా దూరం పక్కన నడుస్తూ, నెట్టుకుంటూ తెస్తున్నారు. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం జనం అడవి దారుల్లో ఒక్కో సైకిలు మీద 200 కిలోల దాకా సరుకు చేరవేసింది కూడా ఎక్కి తొక్కుతూ కాదు. హ్యాండిల్‌కు వెదురు కర్ర కట్టి దాన్ని పొడుగు చేసి, సీటు దగ్గర ఇంకో కర్ర నిలిపి, పక్కన నడుస్తూ నెట్టారు. తొక్కుతూ మోయడం లెక్క వేరు. గేరు సైకిళ్లకు వచ్చే అల్యూమినియం క్యారేజీల మీద చాలావాటికి 25 కిలోలని రాసి ఉంటుంది. ఆ లెక్కలో సంచుల బరువు కూడా ఉంటుంది.

ఖమ్మం వైపు సైకిలూ బరువూ అంటే నాకు వనజీవి రామయ్యగారే గుర్తొస్తారు. రెడ్డిపల్లికి చెందిన ఈ దరిపల్లి రామయ్యగారు సైకిలు మీద మొక్కలు, జేబుల్లో విత్తనాలు, మెడలో చెట్లను కాపాడమనే బోర్డుతో ఊళ్లు తిరిగారు. కోటి మొక్కలు నాటిన మనిషిగా పేరొచ్చింది, 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. అందరూ ఆయన నాటిన చెట్ల లెక్క చెబుతారు. నాకు ఆ మోత కూడా అంత గొప్పగా కనిపిస్తుంది. మొక్క బస్తాలా అణిచి కట్టే సరుకు కాదు. క్యారేజీ స్ప్రింగు కింద పెడితే కాడ విరుగుతుంది, కుదుపులకు వేరు మట్టి రాలిపోతుంది. ప్రతి మొక్కనూ గోతి దాకా ప్రాణంతో చేర్చాలి. సైకిలు మీద ఏది మోస్తున్నా, దిగేటప్పుడు అది ఎలా ఉండాలో ముందే తెలిసి ఉండాలి. అప్పుడే దాన్ని ఎలా కట్టాలో తెలుస్తుంది.

ఇక సంచి బిగింపు. దీనికి కొంచెం ఓపిక కావాలి. పాత హీరో, అట్లాస్ సైకిళ్లకు పెడల్‌కూ వెనక ఇరుసుకూ మధ్య జాగా ఎక్కువ కాబట్టి మడమ సంచికి తగలదు. కొత్త గేరు సైకిళ్లలో ఆ జాగా తక్కువ. పెడల్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ మడమ సంచి మూలను తంతుంది. సంచిని వెనక్కి జరిపితే ఆ బాధ పోతుంది, కానీ బరువంతా ఇరుసు వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ పట్టు తప్పుతుంది. ముందు మూల ఏటవాలుగా కోసి కుట్టిన సంచి దీనికి విరుగుడు. బరువైన పుస్తకాలు సంచి అడుగున, చక్రం వైపు పెట్టాలి. తేలికవి పైన. కొనేముందు సైకిలుకు తగిలించి, మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే పెడల్ వెనక్కి తిప్పి చూడండి.

పై కొక్కేలు గట్టిగా ఉంటే చాలనుకుంటారు. నిజానికి సంచి ఊడేది కిందినుంచి. కంకర తేలిన రోడ్డు మీద అడుగు భాగం ఊగి ఊగి పై కొక్కెం లేచిపోతుంది. కింద ఒక కొక్కెమో సాగే తాడో ఉండి తీరాలి. పాత సైకిలు క్యారేజీకి పక్క కమ్మీ లేకపోతే వెల్డింగు షాపులో ఇనప పట్టీ ఒకటి ఇరుసు దాకా వేయించండి. నేను ఆ పట్టీ బదులు వెదురు బద్దలు కట్టించాను. తేలిక, తుప్పు పట్టదు, విరిగితే ఇంకోటి కట్టుకోవచ్చు. సంతనుంచి ఆకుకూరలు తేవడానికైతే మేదరివాళ్లు అల్లిన బుట్టకు మించింది లేదు. ఒక వైపు చదునుగా అల్లమని మాత్రం ముందే చెప్పాలి.

వానకు మాత్రం వెదురు బుట్ట పనికిరాదు. 1981లో హార్ట్‌మూట్ ఓర్ట్‌లీబ్ అనే జర్మన్ యువకుడు ఇంగ్లండులో సైకిలు తొక్కుతూ వానలో సామానంతా తడుపుకున్నాడు. లారీల మీద కప్పిన టార్పాలిన్ చూసి, ఆ గుడ్డతోనే సంచి కుట్టుకున్నాడు. ఆ మరుసటేడు పెట్టిన కంపెనీ నేటికీ సైకిలు సంచులకు పేరుమోసింది. ఆ సంచులు మనకు ఖరీదే. కానీ లారీ పట్టాలు కుట్టే దర్జీలు ఖమ్మంలోనూ కొత్తగూడెంలోనూ ఉన్నారు. జిప్పు వద్దని చెప్పండి, నీళ్లు దిగేది అక్కడే. మూతి పొడుగ్గా ఉంచి మూడు మడతలు చుట్టి కట్టేలా కుట్టించండి. కుట్ల మీంచి కూడా నీళ్లు ఊరతాయి కాబట్టి పుస్తకాలను యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడతాను, శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే. జూలై ముసురులో కూడా నోటు పుస్తకాలు పొడిగా పిల్లల చేతికి వెళ్లాలి.

క్యారేజీ బోల్టులకు లోపల నైలాన్ ఉన్న నట్లు వేయించండి, కుదుపులకు వదులుకావు. వెనక టైరులో గాలి కాస్త ఎక్కువే ఉండాలి.

చివరిది వెడల్పు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చే లారీలు, చర్ల రోడ్డు మీద ఇసుక లారీలు పక్కనుంచి పోతుంటే, ఉబ్బిన సంచి జానెడు బయటికి వచ్చినా ప్రమాదమే. అందుకే ఒక పెద్ద సంచి కాక రెండు పలచని సంచులు తీసుకోండి. హ్యాండిల్ వెడల్పు దాటకుండా సర్దండి. క్యారేజీ వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టరును సంచి కప్పేస్తుంది కాబట్టి ఇంకోటి సంచికే కుట్టించండి, కుడివైపున, కింది అంచుకు దగ్గరగా. రోడ్ల శాఖవారు తారు అంచు పక్కన మట్టి పోసి చదును చేస్తే మేము అక్కడికి దిగి లారీకి దారి ఇవ్వగలం. ఇప్పుడు ఆ అంచు చాలాచోట్ల బెత్తెడు లోతుకు కోసుకుపోయి ఉంది. బరువుతో ఉన్న సైకిలు అక్కడ దిగితే మళ్లీ ఎక్కదు.